ఐఆర్ చెక్‌కు ఎలా తయారవ్వాలి: మిద్దె మీద మొదలుపెట్టి మినిమా దాకా

అనంతపురం నుంచి, కడప నుంచి, ఓర్వకల్లులో విమానాలు దిగడం మొదలయ్యాక కర్నూలు వైపు నుంచి కూడా పిల్లలు ఫోన్ చేసి ఒకటే అడుగుతున్నారు: "అన్నా, ఐఆర్ చెక్‌లో ఏమేం చేయిస్తారు? ఎట్ల పాసవ్వాల?" చెప్పిందే చెప్పి గొంతు పోతోంది. అందుకే ఒకసారి రాసి పెడుతున్నా. ఐఆర్ అంటే ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్, బయట ఏమీ కనబడకున్నా పరికరాలు చూసే విమానం నడపడానికి ఇచ్చే అనుమతి. చెక్ అంటే దానికి గాల్లో పెట్టే పరీక్ష. ఇంకెవరైనా అడిగితే ఇదే పంపుతా.

ముందే ఒక మాట. నేను మొదటిసారి ఫెయిలయ్యాను. హోల్డింగ్ (ఒక చోటు దగ్గర పొడుగాటి చుట్లు కొడుతూ ఆగడం) బాగా చేశాను. ఐఎల్ఎస్ (రన్‌వే దాకా దారి చూపే రేడియో సాధనం) మీదికి వచ్చాక సూది కదలకుండా మధ్యలో నిలబడింది. "ఆహా, ఏం నడుపుతున్నానురా" అనుకుంటున్నా. పక్కసీట్లోంచి ఎగ్జామినర్ నెమ్మదిగా, "ఆ సూది దేన్ని చూపిస్తోంది?" అన్నాడు. చూస్తే సీడీఐ (దారికి ఏ పక్కన ఉన్నామో సూదితో చూపే పరికరం) ఇంకా జీపీఎస్ మీదే ఉంది. లోకలైజర్‌కు (ఐఎల్ఎస్‌లో రన్‌వే నడిగీత చూపే భాగం) మార్చనే లేదు. ఫ్రీక్వెన్సీ పెట్టాను, ఐడెంట్ (ఆ స్టేషన్ పంపే గుర్తు) విన్నాను, కానీ ఆ ఒక్క బటన్ నొక్కలేదు. హోల్డింగ్‌లో ఖాళీగా ఉన్న నిమిషంలో చేయాల్సిన పనిని తర్వాతకు వదిలేశా. ఐఆర్ పోయేవాళ్లలో ఎక్కువమంది చేతులు సరిగా ఆడక పోరు. ముందు చేయాల్సిన పని వెనక చేసి పోతారు. కింద రాసిందంతా ఆ ఒక్క జబ్బుకు మందే.

దగ్గర ఉండాల్సినవి

లాగ్‌బుక్ తీసి మొదట లెక్క చూసుకోండి. పైలట్ ఇన్ కమాండ్‌గా 50 గంటల క్రాస్ కంట్రీ (ఊరి నుంచి ఊరికి ప్రయాణం), 40 గంటల ఇన్‌స్ట్రుమెంట్ టైమ్ (పరికరాలు మాత్రమే చూసి నడిపింది) ఉండాలి. ఆ 40లో సిమ్యులేటర్ గంటలు 20 మించకూడదు. నియమాలు మారుతుంటాయి కాబట్టి పరీక్షకు ముందు డీజీసీఏ (విమానయాన నియంత్రణ సంస్థ) సైట్‌లో తాజా పాఠం మీరే చదవండి, సీనియర్ చెప్పాడని ఊరుకోవద్దు. ప్రతి పేజీ కింద మొత్తాలు కాలిక్యులేటర్‌తో సరిచూడండి. నాలుగో పేజీలో పది నిమిషాల తేడా వస్తే అది నలభయ్యో పేజీ దాకా మోసుకొస్తుంది. క్లాస్ 1 మెడికల్, ఆర్‌టీఆర్ (రేడియోలో మాట్లాడే లైసెన్సు), పైలట్ లైసెన్సు తేదీలు దాటలేదని చూసుకోండి.

ఇవి కాక బయట కనబడకుండా కళ్లకు అడ్డం పెట్టుకునే హుడ్ లేదా ఫాగిల్స్, తొడకు కట్టుకునే నీబోర్డ్, రెండు పెన్నులు, బటన్ నొక్కితే పనిచేసే మామూలు స్టాప్‌వాచ్. ఫోన్ టైమర్ వద్దు, ఎండకు వేడెక్కి స్క్రీన్ ఆరిపోతుంది. అప్రోచ్ ప్లేట్లు (రన్‌వేకు దిగే దారి పటాలు) ఏఐపీ అనే అధికారిక సమాచార పుస్తకంలోంచి తాజావి తీసుకోండి. ఏ ఎయిర్‌పోర్టులో ఏ సాధనం ఉంది, ఏది మరమ్మతులో ఉంది అనేది నోటమ్‌లో (పైలట్లకు ఇచ్చే తాజా ప్రకటనలు) చూడాలి. "పోయిన నెల పనిచేసింది కదా" అంటే కుదరదు.

1. నెల ముందు: మిద్దె మీద నడక

నవ్వకండి. ఖర్చు లేకుండా ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇదే. మిద్దె మీద ముగ్గుపిండితో ఒక చుక్క పెట్టండి, అది వీఓఆర్ (దిక్కు చూపే రేడియో స్టేషన్). దాని నుంచి ఒక హోల్డింగ్ ప్యాటర్న్ గీయండి. చేతిలో అట్ట మీద అతికించిన హెడింగ్ ఇండికేటర్ (ముక్కు ఏ దిక్కుకు ఉందో చూపేది) బొమ్మ పట్టుకుని, నడుస్తూ తిప్పండి. చుక్క దాటగానే గట్టిగా అనండి: టర్న్, టైమ్, ట్విస్ట్, థ్రాటిల్, టాక్. తిరగడం, టైమర్ నొక్కడం, ఓబీఎస్ (సూదికి కావలసిన దిక్కు పెట్టే గుండీ) తిప్పడం, పవర్ సర్దడం, చివరికి రేడియో. ఈ వరస నోటికి రావాలి.

మా అమ్మ మొదట "వీడికేమైనా గాలి సోకిందా" అని అనుమానపడింది. వారం తర్వాత ఆమే అడిగేది, "ఈరోజు ఎడమపక్క తిరుగుడా, కుడిపక్కా?" అని.

సరిగా వచ్చిందా లేదా ఎలా తెలుస్తుంది? నడుస్తున్నప్పుడు ఇంట్లోవాళ్లను మధ్యలో ఏదో ఒకటి అడగమనండి. "గ్యాస్ బుక్ చేసినావా?" అనాలి. జవాబిచ్చి, వరస తప్పకుండా కొనసాగించగలిగితే మీకు వచ్చినట్టే. ఆగిపోయి "ఎక్కడున్నా?" అనుకుంటే ఇంకో వారం నడవండి.

మిద్దె లేనివాళ్లు గదిలో కుర్చీలో కూర్చుని కళ్లు మూసుకుని చేయొచ్చు. ఇంట్లో కంప్యూటర్ సిమ్యులేటర్ ఉంటే మంచిదే, కానీ దాన్ని వరస కోసమే వాడండి. స్టిక్ మీద చేతివాటం దాంట్లో నేర్చుకుంటే అసలు విమానంలో దాన్ని మరిచిపోవడానికి పది గంటలు పడుతుంది.

2. స్కాన్

స్కాన్ అంటే పరికరాల మీద చూపు తిప్పడం. చూపు ఆటిట్యూడ్ ఇండికేటర్ (ముక్కు, రెక్కలు ఎంత వాలాయో చూపేది) దగ్గర మొదలై, ఒక పరికరానికి వెళ్లి, మళ్లీ ఆటిట్యూడ్‌కే రావాలి. అక్కడి నుంచి ఇంకోదానికి. బావి దగ్గర గిలక మధ్యలో ఉండి తాడు పోయొచ్చినట్టు.

మూడు తప్పులు అందరూ చేస్తారు. ఒకదాన్నే గుచ్చి చూస్తూ ఉండిపోవడం. ఒకదాన్ని అసలు చూడకపోవడం, ఎక్కువగా హెడింగ్‌నే మరిచిపోతారు. నమ్మకమున్న ఒక్కదాని మీదే బతకడం. ఎత్తు 100 అడుగులు తప్పిందని దాన్ని సరిచేస్తూ కూర్చుంటే ఈలోపు హెడింగ్ 15 డిగ్రీలు పోతుంది. తర్వాత హెడింగ్ వెంట పడితే ఎత్తు పోతుంది. ఇలా వెంటబడే పరుగు మొదలైతే ఆపడం కష్టం. ట్రిమ్ (చేతికి బరువు తెలియకుండా కంట్రోల్స్ సర్దడం) చేయకపోవడమే సగం కారణం. రెండు వేళ్లతో పట్టుకోలేకపోతున్నారంటే ట్రిమ్ సరిగా లేనట్టు.

ఎంత తప్పు ఒప్పుకుంటారని అడుగుతారు. బయటి దేశాల కొలతలు చూస్తే అంచనా వస్తుంది. ఎత్తులో 100 అడుగులు రెండుచోట్లా ఒకటే. ఐఎల్ఎస్ సూది విషయంలో అమెరికాలో ముప్పావు స్కేలు దాకా ఒప్పుకుంటారు, యూరప్‌లో సగమే. మీరు సాధనలో 50 అడుగులు, 5 డిగ్రీలు, సూది పావు స్కేలు పెట్టుకోండి. పరీక్షరోజు భయానికి అది ఎలాగూ రెట్టింపవుతుంది.

చెక్ చేసుకోవడానికి: ఇన్‌స్ట్రక్టర్ ఒప్పుకుంటే ప్యానెల్ మొత్తం కనిపించేలా చిన్న కెమెరా బిగించి, దిగాక చూడండి. "నేను ఎత్తు పట్టుకున్నా కదా" అని పైలట్‌కు అనిపించడం వేరు, వీడియోలో ఆల్టిమీటర్ చెప్పేది వేరు. మొదటిసారి చూసినప్పుడు సిగ్గుతో చచ్చిపోతారు.

3. సగం ప్యానెల్, కంపాస్, పిచ్చి భంగిమలు

ఎగ్జామినర్ ఆటిట్యూడ్, హెడింగ్ ఇండికేటర్లను మూసేస్తాడు. ఆ రెండింటినీ నడిపే వ్యాక్యూమ్ పంపు పోయిందనుకోండి. అప్పుడు టర్న్ కోఆర్డినేటర్ (ఎంత వేగంగా తిరుగుతున్నామో చూపేది), గడియారం మీద బతకాలి. స్టాండర్డ్ రేట్ మలుపు అంటే సెకనుకు 3 డిగ్రీలు. 90 డిగ్రీలు తిరగడానికి 30 సెకన్లు, పూర్తి చుట్టుకు 2 నిమిషాలు. మామూలు ప్యానెల్ మీద బ్యాంక్ (రెక్కల వాలు) ఎంత కావాలో తెలియాలంటే వేగాన్ని 10తో భాగించి, వచ్చినదానికి సగం కలపండి. 100 నాట్లకు 10, దానికి 5 కలిపితే 15 డిగ్రీలు.

కంపాస్ మీద తిరిగేటప్పుడు ఉత్తరానికి ముందే ఆపాలి, దక్షిణానికి దాటించి ఆపాలి అని పుస్తకం చెబుతుంది. మన వైపు అయస్కాంత భూమధ్యరేఖ దగ్గర, అది కేరళ కొసన తుంబా పక్కగానే పోతుంది. కాబట్టి కంపాస్ డిప్ (సూది నేలవైపు వాలడం) తక్కువ, ఈ తప్పు కూడా తక్కువే కనిపిస్తుంది. పుస్తకంలో ఉన్నంత ముందే ఆపేసి "రాలేదేంటి" అని తికమకపడేవాళ్లను చూశాను. నోటి పరీక్షలో పుస్తకం జవాబు చెప్పండి, కారణం కూడా చెప్పండి. గాల్లో మాత్రం రెక్కలు సమం చేశాక కంపాస్ నిలబడనిచ్చి, మిగిలిన నాలుగు డిగ్రీలు సర్దండి.

అన్‌యూజువల్ ఆటిట్యూడ్‌లో (మీరు కళ్లు మూసుకుని ఉండగా ఎగ్జామినర్ విమానాన్ని పిచ్చి భంగిమలో పెట్టి ఇస్తాడు) కళ్లు తెరవగానే ముందు ఎయిర్‌స్పీడ్ చూడండి. వేగం పెరుగుతోందా? ముక్కు కిందికుంది: పవర్ తీయండి, రెక్కలు సమం చేయండి, ఆ తర్వాతే లాగండి. వేగం పడిపోతోందా? ముక్కు పైకుంది: పూర్తి పవర్, ముక్కు దించండి, తర్వాత రెక్కలు. హెచ్చరిక: ముక్కు కిందికి, రెక్క వాలి ఉన్నప్పుడు ముందే లాగితే మలుపు ఇంకా బిగుసుకుంటుంది, విమానం మీద బరువు పెరుగుతుంది. ఆ తప్పు చేస్తే కంట్రోల్స్ ఎగ్జామినర్ తీసుకుంటాడు. అక్కడితో పరీక్ష ముగిసినట్టే.

4. హోల్డింగ్: అందరూ భయపడేది

ఎంట్రీ (హోల్డింగ్ చుట్టులోకి ఎలా దూరాలి) ఏది అనేదే పెద్ద ప్రశ్న. గీతలు, బొమ్మలు అన్నీ మరిచిపోండి. హెడింగ్ ఇండికేటర్ చూడండి. హోల్డింగ్‌లో అవుట్‌బౌండ్ (చుక్క నుంచి దూరం పోయేది; చుక్క వైపు వచ్చేది ఇన్‌బౌండ్) హెడింగ్ ఎక్కడ పడింది? కుడి మలుపుల హోల్డింగ్ అయితే:

ముక్కుకు కుడిపక్క 70 డిగ్రీల లోపల ఉంటే టియర్‌డ్రాప్ (ఏటవాలుగా పోయి తిరిగి రావడం).
ఎడమపక్క 110 డిగ్రీల లోపల ఉంటే ప్యారలల్ (ఇన్‌బౌండ్ గీతకు సమాంతరంగా దూరం పోయి తిరిగి రావడం).
మిగతా అంతా డైరెక్ట్ (చుక్క దాటగానే నేరుగా చుట్టులోకి తిరగడం).

ఎడమ మలుపులైతే పక్కలు తారుమారు. అంచు దగ్గర 5 డిగ్రీల అటూఇటూ ఏది చేసినా తప్పు పట్టరు.

ఒకటి చేసి చూద్దాం. ఇన్‌బౌండ్ 090, కుడి మలుపులు. అవుట్‌బౌండ్ 270. మీరు 240 హెడింగ్‌లో వస్తున్నారు. 270 మీ ముక్కుకు 30 డిగ్రీలు కుడిపక్కన ఉంది, కాబట్టి టియర్‌డ్రాప్. టియర్‌డ్రాప్ హెడింగ్ అవుట్‌బౌండ్‌కు 30 తక్కువ, అంటే 240. మీరు వస్తున్న హెడింగే! చుక్క దాటాక ఏమీ తిరగక్కర్లేదు. టైమర్ నొక్కి, ఓబీఎస్ 090కి తిప్పి, నిమిషం పోయాక కుడికి తిరగండి. ఇలాంటి లెక్క రోజుకు పది చేయండి, బస్సులో కూర్చుని చేసినా సరే.

గాలి విషయానికొద్దాం. దక్షిణం నుంచి గాలి, డ్రిఫ్ట్ (గాలికి పక్కకు జరగడం) 5 డిగ్రీలు అనుకోండి. ఇన్‌బౌండ్‌లో 095 హెడింగ్ పట్టుకుంటే సూది నిలుస్తుంది. అవుట్‌బౌండ్‌లో దానికి మూడు రెట్లు, అంటే 15 డిగ్రీలు గాలివైపు: 255. ఎందుకు మూడు రెట్లు? మలుపుల్లో సరిచేయలేం కదా, వాటి బాకీ కూడా ఇక్కడే తీర్చాలి. అనంతపురం వైపు వానాకాలం గాలులు ఎలా ఉంటాయో రామగిరి గాలిమరలు చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. జూన్ నుంచి ఆగస్టు దాకా మీ సాధన ఆ గాలిలోనే జరిగితే అదృష్టం అనుకోండి.

టైమర్ ఎప్పుడు నొక్కాలి? ఫిక్స్‌కు (ఆ చుక్కకు) సరిగ్గా పక్కకు వచ్చినప్పుడు. అది తేల్చుకోలేకపోతే, మలుపు ముగిసి రెక్కలు సమమైనప్పుడు. 14,000 అడుగుల దాకా అవుట్‌బౌండ్ ఒక నిమిషం. ఇన్‌బౌండ్‌కు 70 సెకన్లు పట్టిందా? తర్వాతి అవుట్‌బౌండ్ 50కి తగ్గించండి.

పరీక్షించుకోండి: మూడో చుట్టులో ఇన్‌బౌండ్ మలుపు ముగిసేసరికి సూది దాదాపు మధ్యలో ఉంటే మీ గాలి లెక్క సరైనది. ప్రతి చుట్టూ ఒకేపక్కకు దాటిపోతుంటే లెక్క మార్చండి. అదే హెడింగ్ మళ్లీ మళ్లీ పట్టుకుని వేరే ఫలితం రావాలనుకోవద్దు.

5. ఐఎల్ఎస్, దానికి ముందు క్యూఎన్‌హెచ్

వేసవిలో మన దగ్గర క్యూఎన్‌హెచ్ (ఆల్టిమీటర్‌లో పెట్టాల్సిన ఆ చోటి గాలి ఒత్తిడి) 1003 దాకా పడుతుంది. ఆల్టిమీటర్ 1013 మీదే మరిచిపోయారనుకోండి. ఒక్కో హెక్టోపాస్కల్‌కు 28 అడుగుల చొప్పున అది 280 అడుగులు ఎక్కువ చూపిస్తుంది. ఐఎల్ఎస్ మినిమా (రన్‌వే కనబడకపోతే ఇంతకంటే దిగకూడని ఎత్తు) నేల మీద 200 అడుగులు. మీ ఆల్టిమీటర్ మినిమా చూపించేసరికి మీరు మట్టిలో ఉంటారు. ఈ ఒక్క లెక్క గుర్తుంటే క్యూఎన్‌హెచ్ జన్మలో మరిచిపోరు.

అప్రోచ్‌కు ముందు, హోల్డింగ్‌లో అవుట్‌బౌండ్ మీద ఖాళీ దొరికినప్పుడే, ఇవి నోటితో అంటూ వేలితో ముట్టుకుని చూడండి: ఫ్రీక్వెన్సీ, మోర్స్ ఐడెంట్, సీడీఐ దేని మీద ఉంది, ఇన్‌బౌండ్ కోర్సు, క్యూఎన్‌హెచ్, మినిమా, మిస్డ్ అప్రోచ్‌లో (దిగకుండా మళ్లీ పైకెక్కడంలో) మొదటి పని. మూడోదాని దగ్గర నేను పోయానని మళ్లీ గుర్తు చేస్తున్నా.

లోకలైజర్ సూది వీఓఆర్ సూది కంటే నాలుగు రెట్లు చురుకు. వీఓఆర్‌లో పూర్తి స్కేలు 10 డిగ్రీలైతే ఇక్కడ రెండున్నరే. అందుకే వీఓఆర్ మీద అలవాటైన 20 డిగ్రీల మలుపులు ఇక్కడ పనికిరావు. గ్లైడ్‌స్లోప్ (ఐఎల్ఎస్‌లో దిగే వాలు చూపే భాగం) పట్టుకున్నాక 5 డిగ్రీలు మించి తిరగకండి, చివర్లో రెండే. గ్లైడ్‌స్లోప్‌ను కిందినుంచే పట్టుకోండి. పైనుంచి దిగుతూ పడితే అబద్ధపు గ్లైడ్‌స్లోప్ మీద పడే ప్రమాదం ఉంది.

దిగే వేగం గ్రౌండ్‌స్పీడ్‌కు ఐదు రెట్లు. 90 నాట్లకు నిమిషానికి 450 అడుగులు. వెనకగాలితో అది 110 అయితే 550 కావాలి. మీకు 700 కావాల్సి వస్తోందంటే ఏదో తప్పు. సూది వెంట పడకుండా ఆ తప్పేంటో చూడండి.

మినిమా దగ్గర ఎగ్జామినర్ ఏమీ అనకపోతే మిస్డ్ అప్రోచే. పూర్తి పవర్, ముక్కు పైకి, ఎక్కుతున్నట్టు ఆల్టిమీటర్, వీఎస్ఐ (ఎక్కే, దిగే వేగం చూపేది) రెండూ చూపించాక గేర్, ఫ్లాప్. రేడియో చివర. కడప చుట్టూ పాలకొండలు, అటుపక్క నల్లమల ఉన్నాయి కాబట్టి మిస్డ్ అప్రోచ్‌లో రాసిన మలుపును "తర్వాత చూద్దాంలే" అనుకోకండి. ఆ మలుపు ఊరికే పెట్టింది కాదు.

ఐఎల్ఎస్ అందుబాటులో లేకపోతే సాధన వీఓఆర్ అప్రోచ్ మీద చేయండి, కానీ పరీక్షకు ముందు కనీసం నాలుగైదు ఐఎల్ఎస్‌లు అసలు విమానంలో చేయాలి. సిమ్యులేటర్ ఐఎల్ఎస్‌లో ఎండాకాలపు కుదుపులు ఉండవు.

6. మాక్ టెస్ట్

మీ ఇన్‌స్ట్రక్టర్ కాకుండా వేరే ఇన్‌స్ట్రక్టర్‌తో చేయండి. మీవాడికి మీ తప్పులు అలవాటైపోయి ఉంటాయి, తెలియకుండానే గొంతు సవరించి గుర్తుచేస్తాడు. వేరేవాళ్లు అలా చేయరు. సంకోచం వద్దు, "సార్, ఒక్క గంట, నన్ను ఫెయిల్ చేయడానికి చూడండి" అని అడగండి.

7. ముందురోజు, ఆ రోజు

ఏప్రిల్, మే నెలల్లో వీలుంటే ఉదయపు స్లాట్ అడగండి. 1,500 అడుగుల ఎత్తులో ఉన్న రన్‌వే మీద 40 డిగ్రీల ఎండలో లెక్క వేయండి: ఆ ఎత్తుకు ప్రామాణిక ఉష్ణోగ్రత 12. తేడా 28. డిగ్రీకి 120 అడుగుల చొప్పున 3,360. విమానానికి తాను దాదాపు 4,900 అడుగుల మీద ఉన్నట్టే లెక్క. మిస్డ్ అప్రోచ్‌లో ఎక్కుతోందా లేదా అని మీరే అనుమానపడతారు. పైగా హుడ్ కింద చెమట, కళ్లలో ఉప్పు. సాయంత్రాలు ఉరుముల మబ్బులు లేస్తాయి, అప్పుడు పరీక్ష వాయిదా వేయమని మీరే అడగండి. వాతావరణం చూసి వద్దనడం కూడా మార్కుల్లోనే ఉంటుంది.

ఉదయం ఉగ్గాని తినండి, బజ్జీ వదిలేయండి. కారం దోసె పాసయ్యాక.

నోటి ప్రశ్నలు చాలావరకు పరికరాల చుట్టే తిరుగుతాయి. స్టాటిక్ (బయటి గాలి ఒత్తిడి తీసుకునే రంధ్రం) మూసుకుపోతే ఆల్టిమీటర్ ఏం చూపిస్తుంది? ఉన్న ఎత్తు దగ్గరే నిలిచిపోతుంది, వీఎస్ఐ సున్నా. పిటాట్ (ఎదురుగాలి పట్టే గొట్టం) ముందు రంధ్రం, నీరు పోయే రంధ్రం రెండూ మూసుకుపోతే? ఎయిర్‌స్పీడ్ ఇండికేటర్ ఆల్టిమీటర్‌లా ప్రవర్తిస్తుంది, ఎక్కేకొద్దీ వేగం ఎక్కువ చూపిస్తుంది. రేడియో పోతే ట్రాన్స్‌పాండర్‌లో (రాడార్‌కు మన సంఖ్య పంపే పెట్టె) 7600. తెలియని ప్రశ్న వస్తే "చూసి చెబుతాను" అని ఏఐపీ తెరవండి. కల్పించి చెబితే తర్వాతి ప్రశ్న దాని మీదే వస్తుంది.

గాల్లో తప్పు జరిగితే

జరుగుతుంది. ఎత్తు 120 అడుగులు పోయిందా? "120 లో, కరెక్టింగ్" (120 తక్కువున్నా, సరిచేస్తున్నా) అని పైకి అనండి, సరిచేయండి. ఎగ్జామినర్ మీ తప్పును మీకంటే ముందే చూశాడు. మీకు తెలిసిందా లేదా అన్నదే చూస్తున్నాడు. నోరు మూసుకుని దిద్దుకుంటే తెలియనట్టే లెక్క. ఇంకోటి: ఒక తప్పు అయ్యాక "అయిపోయింది, ఫెయిల్" అనుకుని చేతులు వదిలేసినవాళ్లు చాలామంది. ఆయన ఆపమని చెప్పేదాకా పరీక్ష నడుస్తున్నట్టే.

క్లియరెన్స్ (కంట్రోల్ టవర్ వాళ్లు రేడియోలో ఇచ్చే అనుమతి) రాసుకునేటప్పుడు పూర్తి మాటలు రాయకండి. ఎక్కడిదాకా, ఏ దారి, ఏ ఎత్తు, ఏ ఫ్రీక్వెన్సీ, ఏ స్క్వాక్ (ట్రాన్స్‌పాండర్ సంఖ్య): ఐదు గళ్లు ముందే నీబోర్డ్ మీద గీసుకుని నింపుకుంటూ పోండి. ఖాళీగా మిగిలిన గడి ఏదో అదే అడగాలి.

తర్వాత

పాసైతే అదేరోజు లాగ్‌బుక్‌లో ఎంట్రీ, ఎగ్జామినర్ సంతకం చూసుకుని ఎయిర్‌పోర్టు గేటు దాటండి. తేదీ, విమానం రిజిస్ట్రేషన్, సమయం రిపోర్టులోనూ లాగ్‌బుక్‌లోనూ ఒకటేగా ఉండాలి. ఇక్కడ ఒక్క అంకె తేడా వచ్చి డీజీసీఏ వాళ్ల ఈజీసీఏ పోర్టల్‌లో దరఖాస్తు వెనక్కి వచ్చినవాళ్లు నాకు తెలుసు. రేటింగ్ 12 నెలలే చెల్లుతుంది, కాబట్టి రెన్యువల్ తేదీ ఇప్పుడే ఫోన్లో పెట్టుకోండి.

ఫెయిలైతే, దిగి బయటికి రాకముందే ఎగ్జామినర్‌ను ఏది, ఎక్కడ, ఎంత తప్పిందో అడిగి ఆయన చెప్పిన మాటల్లోనే రాసుకోండి. సాయంత్రానికి మీ బుర్ర దాన్ని "గాలి ఎక్కువుంది" అని మార్చేస్తుంది. నా నీబోర్డ్ మీద ఆ రోజు రాసుకున్న చీటీ ఇంకా ఉంది: "సీడీఐ. చూడలేదు." రెండోసారి మూడు వారాలకు వెళ్లాను, ఆ చీటీ నీబోర్డ్ పైమూలన అంటించుకుని.